ఎంక్వైరీలో మొదటి అక్షరం ఇ-నా, ఐ-నా?

తమ్ముడు: ఒడిశాలోని బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి వింటున్నవాళ్లందరికీ నమస్కారం. అక్కా, ఈసారి సందేహం నాదే. స్టేషన్‌లో కౌంటర్ మీద ఇంగ్లిష్ ఇ (E) అక్షరంతో ఎంక్వైరీ అని చూస్తాం. నేను చదివే పరీక్షల పుస్తకంలో అదే మాట ఐ (I) అక్షరంతో ఉంది. ఏది కరెక్టు?

అక్క: రెండూ కరెక్టే. పిల్లలు ఏది రాసినా మార్కు కొట్టేయకూడదని మా స్కూల్లో కూడా గట్టిగా చెబుతుంటాను.

తమ్ముడు: మరి రెండు రూపాలెందుకు వచ్చాయి?

అక్క: మూలం లాటిన్. అక్కడ ఐ ఉంది. ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఇ అయింది. తర్వాత లాటిన్ రూపాన్ని చూసి మళ్లీ ఐ పెట్టారు. పాతదీ పోలేదు, కొత్తదీ నిలబడింది. బ్రిటిష్ పద్ధతిలో మామూలుగా అడిగి తెలుసుకుంటే ఇ, అధికారికంగా విచారణ జరిపితే ఐ. ఈ తేడాను అక్కడ కూడా అందరూ పాటించరు. అమెరికావాళ్లు మాత్రం ఎక్కువగా రెండింటికీ ఐ రాస్తారు.

తమ్ముడు: అంటే రైలు ఎప్పుడొస్తుందని అడిగితే ఇ, ఉద్యోగి మీద ఆరోపణ వస్తే ఐ.

అక్క: అంతే. మన చట్టాల్లో విచారణకు ఐ కనిపిస్తుంది. 1952 నాటి కమిషన్స్ ఆఫ్ ఇంక్వైరీ చట్టం పేరులోనే ఉంది. రాజ్యాంగం 311వ అధికరణలోనూ అంతే. ప్రభుత్వ ఉద్యోగిని తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా ముందు ఆరోపణలేంటో చెప్పి, జవాబిచ్చుకునే అవకాశం ఇచ్చి విచారణ జరపాలి. కొన్ని మినహాయింపులున్నాయనుకో.

తమ్ముడు: కానీ పేపర్లలో డిపార్ట్‌మెంటల్ ఎంక్వైరీ అని ఇ-తో కూడా రాస్తారు కదా?

అక్క: రాస్తారు, ఆఫీసు కాగితాల్లో కూడా కనిపిస్తుంది. అందుకే ఆ ఒక్క అక్షరం చూసి కాగితం సంగతి తేల్చేయకూడదు. మనం ఇంట్లో తెలుగు మాట్లాడతాం, ఆఫీసు నుంచి వచ్చేది ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో ఉంటుంది. ఒడియా చదవలేని పెద్దవాళ్లు ఇంగ్లిష్ కాగితం పట్టుకుని ఇంట్లో చదువుకున్న పిల్లల దగ్గరికే వస్తారు. నువ్వు పైపైన చూసి, "ఎంక్వైరీయే బాబాయ్, ఏవో వివరాలు అడుగుతున్నారు" అనేశావనుకో, పాపం ఆయన నిశ్చింతగా కూర్చుంటాడు. జవాబుకి గడువు దాటిపోతుంది. కింద ఆరోపణ ఉందా, ఏ రూల్ ప్రకారం రాశారు, ఎప్పటిలోగా జవాబివ్వాలి, ఇవన్నీ చదివి చెప్పాలి. ఊరికే టెన్షన్ పెట్టనూ కూడదు, తేలిగ్గా తీసెయ్యనూ కూడదు.

తమ్ముడు: జవాబు రాసేటప్పుడు ఏ స్పెల్లింగ్ వాడాలి?

అక్క: వాళ్ల కాగితంలో ఉన్నదే వాడు. చట్టం పేరైతే చట్టంలో ఉన్నట్టే. కాలేజీ ఫీజు గురించో అడ్మిషన్ గురించో నువ్వే రాస్తుంటే ఇ-తో హాయిగా రాసుకో. ఒకే ఉత్తరంలో రెండూ కలపకు, చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

తమ్ముడు: ఇలా ఇ, ఐ మారే మాటలు ఇంకా ఉన్నాయా?

అక్క: చెక్కు వెనక సంతకం పెట్టి ఇంకొకరికి బదలాయించడాన్ని ఎండార్స్ చేయడం అంటాం, ఇప్పుడు ఇ-తో రాస్తాం. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో మాత్రం ఇండార్స్‌మెంట్ అని ఐ-తో ఉంటుంది. అర్థం ఒకటే. ఎన్ష్యూర్, ఇన్ష్యూర్ సంగతి వేరు. మన దగ్గర ఇ-తో రాస్తే పని జరిగేలా చూడటం, ఐ-తో రాస్తే బీమా చేయించడం. అక్కడ జాగ్రత్త పడాలి.

తమ్ముడు: పరీక్షలో వాక్యం ఇచ్చి తప్పు పట్టమంటే?

అక్క: ఎంక్వైరీ స్పెల్లింగ్ చూసి ఆగిపోకు, పక్కనున్న ప్రిపొజిషన్ చూడు. వివరాలు అడిగితే అబౌట్ వస్తుంది. ఒకరి క్షేమం అడిగితే ఆఫ్టర్. ఫిర్యాదును విచారిస్తే ఇంటూ. 2005 సమాచార హక్కు చట్టం 18వ సెక్షన్ తీసి చూడు, సమాచార కమిషన్ ఫిర్యాదును విచారించడం గురించి చెప్పేచోట ఐ-తో ఇంక్వైర్, దాని పక్కనే ఇంటూ ఉంటాయి.