బినాలే అంటే ఏంది? మేడారం పోయేటోళ్ళకు ఈజీగ సమజైతది

నమస్తే అందరికి, సిరొంచకెళ్ళి మాట్లాడుతున్న. ఇయ్యాల బినాలే ముచ్చట. పేరు చూసి బేజారు కాకుండ్రి, ఇటాలియన్ మాట, రెండేండ్లకోసారి అని అర్థం, అంతే. రెండేండ్లకోసారి పెట్టే పెద్ద ఆర్ట్ ఎగ్జిబిషన్‌ను అట్ల అంటరు. మనం మేడారం పోతం కదా, బంగారం అని బెల్లం పట్టుకొని, అది గూడ రెండేండ్లకోసారే. గద్దెలు అవ్వే, మొక్కు అదే, కానీ నా చిన్నప్పుడు గోదావరి పడవల దాటి పోయేటోళ్ళం, ఇప్పుడు బ్రిడ్జి మీదికెళ్ళి కార్ల పోతున్నం, గద్దెల కాడ నిలబడి ఇంట్ల ఉన్న అమ్మమ్మకు వీడియో కాల్ చేస్తున్నం. ఒక్క జాతర చూస్తే ఇది తెల్వది, నాలుగైదు చూసినోళ్ళకే తెలుస్తది.

ఆర్ట్ బినాలేలు గూడ అంతే. మొదటిది ఇటలీల వెనిస్ ఊర్ల, 1895ల. అక్కడ చాన దేశాలకు సొంత బిల్డింగులుంటయి, పెవిలియన్ అంటరు.

(స్క్రీన్ మీద: మూసిన తలుపు)

2021ల కావాల్సింది కరోనా వల్ల 2022కు జరిగింది, అప్పటికి ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది, రష్యా ఆర్టిస్టులే మేం రామని తప్పుకున్నరు, పెవిలియన్ మూసే ఉంది. నన్నడిగితే ఆ యేడు గట్టిగ మాట్లాడింది ఆ ఖాళీ బిల్డింగే.

మన దేశంల కొచ్చిది ఫేమస్, 2012 డిసెంబర్ 12న షురువైంది, పాత వ్యాపార కంపెనీల గోదాములల్ల పెడతరు.

నాకు మస్తు నచ్చేది మాత్రం జర్మనీల కాసెల్ ఊర్ల జరిగే డాక్యుమెంటా. ఇది అయిదేండ్లకోసారి. రెండో ప్రపంచ యుద్ధంల బాంబులు పడ్డ మ్యూజియంలనే 1955ల మొదలుపెట్టిండ్రు, హిట్లర్ టైంల చెడిపోయిన కళ అని ఎక్కిరిచ్చిన మోడరన్ బొమ్మలు మళ్ళ జనం ముందటికి వచ్చినయి.

1982ల జోసెఫ్ బాయ్స్ అనే ఆర్టిస్టు ఆ మ్యూజియం ముందట 7000 నల్లరాళ్ళు కుప్ప పోయించిండు. షరతు ఏందంటే, ఊర్ల ఒక చెట్టు నాటితేనే కుప్పకెళ్ళి ఒక రాయి తీసి దాని పక్కన పాతాలె. ఇగ చూడుండ్రి, ఇంక ఎన్ని చెట్లు నాటాలెనో కుప్ప చూస్తే తెలుస్తది, లెక్కల పుస్తకం అక్కర్లే. కుప్ప అయిపోకముందే, 1986ల ఆయన సచ్చిపోయిండు. 1987ల మళ్ళ డాక్యుమెంటా వచ్చింది, ఆఖరి మొక్క కొడుకు నాటిండు.

నాటిన రోజు మొక్క బక్కగ, రాయి దిట్టంగ. ఇప్పుడు పెద్ద చెట్టు మొదట్ల రాయి చిన్న పిలగాడు నిలబడ్డట్టు కనబడతది.