గెలాక్సీ చేతులు చుట్టుకుపోవేం?

[తెర మీద: ఎం51 గెలాక్సీ, నడిమి నుంచి సుడిలా బయటికి సాగిన చేతులు]

నమస్కారమండీ. ఈ బొమ్మ చూపిస్తే చాలు, "ఆ చేతుల్లోని నక్షత్రాలు ఎప్పటికీ అందులోనే ఉంటాయి కదా" అంటారు. ఉండవు. వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో.

గుణుపురం, పర్లాకిమిడి వైపు వాళ్ళకి కళ్ళం, అంటే పంట నూర్చే చోటు, గురించి చెప్పక్కర్లేదు. నడుమ గుంజ, దాని చుట్టూ తిరిగేలా ఒకే వరసలో బంతి కట్టిన ఎడ్లు. గుంజ పక్కదానిది చిన్న చుట్టు, చివరిదానిది పెద్ద చుట్టు. అయినా వరస చెడదు, మెడలకు తాడుంది గనక.

గెలాక్సీలో ఆ తాడు లేదు.

[తెర మీద: సూర్యుడి కక్ష్య]

సూర్యుడు మన గెలాక్సీ పాలపుంత కేంద్రానికి సుమారు 26,000 కాంతి సంవత్సరాల దూరంలో, సెకనుకు దాదాపు 230 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడు. ఒక చుట్టుకి 20 కోట్ల ఏళ్ళ పైమాటే. సగం దూరంలో ఉన్న నక్షత్రం వేగమూ ఇంచుమించు అంతే, కాబట్టి దాని చుట్టు సగం కాలంలో అయిపోతుంది. వెయ్యి కోట్ల ఏళ్ళలో ఇక్కడ 40కి పైగా చుట్లయితే అక్కడ 80 దాటతాయి. చేయి నిజంగా ఒక వస్తువే అయితే ఈపాటికి 40 సార్లు చుట్టుకుని ఆనవాలే దొరక్కపోను.

మరి అదేంటి? కళ్ళంలో ఒకచోట పనలు మందంగా పడ్డాయనుకోండి. విప్పేసిన ఎడ్లు అక్కడికొచ్చి నెమ్మదిస్తాయి, గుమిగూడతాయి, దాటిపోతాయి. వెనక నుంచి వేరేవి వస్తాయి. గుంపు అక్కడే, ఎడ్లు మాత్రం వేరు. 1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ అనే శాస్త్రవేత్తలు చెప్పిన సాంద్రతా తరంగం ఇదే. గెలాక్సీలో నక్షత్రాలు, గ్యాసు అలా గుమిగూడే ఇరుకే చేయి. ఆ ఇరుకు కూడా తిరుగుతుంది, తన వేగం తనది. గ్యాసు అక్కడ నలిగి నక్షత్రాలు పుడతాయి. వాటిలో బాగా బరువైన నీలివి చేయి దాటి ఎంతో దూరం పోకముందే చచ్చిపోతాయి. చేయి నీలంగా మెరిసేది అందుకే. చేతుల మధ్య ఖాళీ అనుకునేరు, అక్కడా బోలెడు నక్షత్రాలున్నాయి, వెలుగే తక్కువ.

ఈ ఒక్క సిద్ధాంతం అన్ని గెలాక్సీలకీ సరిపోతుందని నేననుకోను. చాలావాటిలో చేతులు తెగిపోతూ, మళ్ళీ పుడుతూ ఉంటాయి.

టైం లేదు, అసలు ఈ చేతులుండే పళ్ళెంలాంటి డిస్క్ ఎలా వచ్చిందో గబగబా. గ్యాసు మేఘాలు ఢీకొని వేడెక్కుతాయి, ఆ వేడి వెలుగై బయటికి పోతుంది. శక్తి పోతుంది గానీ తిరుగుడు పోదు. అందుకే గ్యాసు తను తిరిగే ఇరుసు దిక్కున కుంగిపోతుంది, పక్కలకి మాత్రం నిలబడుతుంది. కంటికి కనపడని పదార్థం డార్క్ మ్యాటర్ వెలుగు వదలదు, అందుకే గుండ్రంగానే మిగిలిపోయింది.

[తెర మీద: రెండు గెలాక్సీల ఢీ]

సుమారు వెయ్యి కోట్ల ఏళ్ళ కిందట ఓ చిన్న గెలాక్సీ మన పాలపుంతలోకి దూరింది. నక్షత్రాల చోటూ కదలికా పట్టి చూసిన గాయా ఉపగ్రహం కొలతలతో 2018లో దాని జాడ తేలింది. అప్పటికే ఉన్న డిస్క్ మందమైందే గానీ చెదిరిపోలేదు. సరిసాటిది వచ్చి పడితే మాత్రం, అందులోనూ గ్యాసు తక్కువైతే, ఎడ్లు తలో దిక్కూ పోయినట్టే. మిగిలేది బంతిలాంటి ఎలిప్టికల్ గెలాక్సీ.