తీగను మోగించడం, తీగను ఆపడం: హనుమకొండలో ముగ్గురు బేసిస్టుల ముచ్చట

నేను: అందరికీ నమస్కారం. హనుమకొండలోని మా రిహార్సల్ గదిలో ఈ రోజు ముగ్గురం కూర్చున్నాం, ముగ్గురమూ బేస్ గిటార్, అంటే మంద్రస్వరాలు పలికే లావు తీగల గిటార్, వాయించేవాళ్ళమే. మేము ఎప్పుడూ వరసలతోనే పిలుచుకుంటాం కాబట్టి ఈ రాతప్రతిలోనూ పేర్లకు బదులు అవే ఉంచాం. అన్న కాజీపేటలో చర్చి పాటలతో మొదలుపెట్టి, 22 ఏళ్ళుగా ఆర్కెస్ట్రాల్లోనూ పెళ్ళిళ్ళ సంగీత్‌లలోనూ వాయిస్తున్నారు. చెల్లె నిట్‌లో చదువుకుంటూ రెండేళ్ళ కిందట బేస్ పట్టింది. మొన్న ఆమె నాకు పంపిన సందేశమే ఈ ఎపిసోడ్‌కు మూలం. చెల్లే, ఆ సంగతి నువ్వే చెప్పు.

చెల్లె: రోజుకు రెండు గంటలు తప్పకుండా సాధన చేస్తున్నానన్నా. వేళ్ళు బాగానే పరుగెత్తుతున్నాయి. కానీ బ్యాండుతో కలిసి వాయించినప్పుడు తీసిన రికార్డింగు వింటే నా బేస్ అంతా ఒకే ముద్దలాగా, బురదలాగా వినిపిస్తోంది. ఆంప్లిఫయర్ మీద ఉన్న మీటలన్నీ తిప్పి చూశాను, తీగలు కూడా కొత్తవి వేశాను, అయినా తేడా లేదు.

అన్న: గిటార్ ఇక్కడే ఉంది కదా, ఒక్క నాలుగు తాళాలు వాయించమ్మా.

[చెల్లె వాయించింది.]

అన్న: ఆగు. ఇప్పుడు నువ్వు వాయించడం ఆపేశావు, అయినా గిటార్ మోగుతూనే ఉంది, వినిపిస్తోందా? లావు నుంచి సన్నం వరకు మన నాలుగు తీగలు ఇ (E), ఎ (A), డి (D), జి (G) కదా, నువ్వు ఇ తీగ మీద మొదలుపెట్టి ఎ తీగ మీదికి వెళ్ళావు, కానీ ఇ తీగను ఎవరూ ఆపలేదు. అది కింద మోగుతుండగానే పైన కొత్త స్వరం వచ్చి కూర్చుంది. రెండూ మంద్రంలోనే ఉండేసరికి ఒకదానితో ఒకటి కలిసిపోయి నువ్వన్న బురద తయారైంది. ఈ తప్పు మీటలతో పోయేది కాదమ్మా, చేతిలో సరిదిద్దుకోవలసినది.

నేను: కుడి బొటనవేలు పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే భాగం) మీదే ఆనించి ఉంచుతోంది, నేను గమనించాను.

అన్న: అదే అసలు సంగతి. మొదట నేర్చుకునేటప్పుడు అందరికీ బొటనవేలు పికప్ మీద పెట్టమని చెబుతారు, అది తప్పేమీ కాదు. కానీ వేళ్ళు ఎ తీగ మీదికి వెళ్ళినప్పుడు బొటనవేలు వచ్చి ఇ తీగ మీద వాలాలి. డి తీగ మీదికి వెళితే బొటనవేలు ఇంకొంచెం జరిగి ఎ తీగ మీద ఆనాలి, దాని పక్క అంచు ఇ తీగను తాకుతూ ఉండాలి. ఎడమ చేతిదీ అంతే పని: స్వరాన్ని నొక్కిన వేలును తీగ మీద నుంచి పూర్తిగా ఎత్తేయకుండా, ఫ్రెట్టు (మెడ మీది అడ్డ కడ్డీ) మీద ఒత్తిడి మాత్రం వదిలి వేలును తీగకు ఆనించి ఉంచితే స్వరం అక్కడికక్కడే ఆగుతుంది. ఒక్క వేలే ఆనితే ఒక్కోసారి సన్నటి ఈల లాంటి హార్మోనిక్ పుడుతుంది కాబట్టి పక్కనున్న వేలును కూడా దానితో పాటు వాల్చు.

చెల్లె: అంటే నేను ఇన్నాళ్ళూ స్వరం ఎప్పుడు మొదలవ్వాలో మాత్రమే సాధన చేశాను, ఎప్పుడు ఆగాలో చూసుకోలేదు.

అన్న: నాకూ ఆ సంగతి పుస్తకం చదివి తెలియలేదు. చర్చిలో పాట నెమ్మదిగా సాగుతుంది, చరణం చివర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటారు. నేను 17 ఏళ్ళ వయసులో ఆ ఊపిరి మీద కూడా తీగను మోగిస్తూనే ఉండేవాణ్ణి. ఆర్గన్ వాయించే పెద్దాయన ఒక ఆదివారం నన్ను పక్కకు పిలిచి, జనం ఊపిరి తీసుకునే చోట నువ్వు కూడా ఊపిరి తీసుకో అన్నారు. ఆ వారమంతా నేను గిటార్ పక్కన పెట్టి ప్రతి పాటనూ నోటితో పాడుతూ, ఎక్కడ ఊపిరి తెగుతుందో పాటల పుస్తకంలో పెన్సిలుతో గీతలు పెట్టుకున్నాను. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

నేను: బతుకమ్మ దగ్గర కూడా నాకు ఇదే అర్థమైంది. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుండం దగ్గర ఒక పక్కన నిలబడి వింటే, ఆడవాళ్ళు వంగి చప్పట్లు కొడుతున్నప్పుడు ఆ చప్పట్ల మధ్య ఉండే ఖాళీ ఎంత స్పష్టంగా ఉంటుందో తెలుస్తుంది. ఆ పాటలకు మేము ఒక కాలనీలో బేస్, ప్యాడ్స్ కలిపి వాయించినప్పుడు నేను ప్రతి స్వరాన్నీ సాగదీశాను, చప్పట్లు ఎవరికీ వినబడలేదు, వలయంలో వెనక వరసలో ఉన్నవాళ్ళ అడుగు తప్పింది. మరుసటి ఏడాది చప్పట్లకు కొంచెం ముందే తీగను ఆపేశాను. మైకు లేకుండానే చప్పట్లు మైదానమంతా వినిపించాయి.

చెల్లె: దీనికి సాధన ఎలా చేయమంటారు?

అన్న: మెట్రోనోమును, అంటే తాళం టిక్కుమని కొట్టే యంత్రాన్ని, నిమిషానికి 60 తాళాల మీద పెట్టు. ఒక్కటే స్వరం, జి, ఇ తీగ మీద మూడో ఫ్రెట్టు. మొదటి తాళం మీద మొదలుపెట్టి సరిగ్గా మూడో తాళం మీద ఆపు. నాలుగో తాళం నిశ్శబ్దంగా ఉండాలి. తరువాత రెండో తాళం మీద ఆపు, ఆ తరువాత ఒకటికీ రెండుకూ సరిగ్గా మధ్యలో ఆపు. పది నిమిషాలు చేస్తే విసుగు వస్తుంది, అయినా వదలకు. వేగం పెంచకు. 60 దగ్గర ఆపడం రానివారికి 120 దగ్గర రాదు.

నేను: నాకు ఇంకొక ఉపాయం పనికొచ్చింది. గిన్నెలు తోమే స్పాంజిలో చిన్న ముక్క కోసి, బ్రిడ్జి (తీగలు బిగించి ఉండే కింది చివర) దగ్గర తీగల కింద దూర్చితే స్వరం తొందరగా ఆరిపోతుంది. ఇది కొత్తదేమీ కాదు. అమెరికాలోని మోటౌన్ కంపెనీ రికార్డింగుల్లో వాయించిన జేమ్స్ జేమర్సన్ బేస్‌లో బ్రిడ్జి మూత కింద ఇలాంటి ఫోమ్ ముక్కే ఉండేది, ఆయన కుడి చేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవారు. ఒక్క వేలుతో ఆయన వాయించినవాటిని మన రెండు వేళ్ళతో అందుకోవడమే కష్టం.

అన్న: స్పాంజి మంచిదే తమ్మీ, రికార్డింగుకు నేనూ వాడతాను. కానీ నేర్చుకునేవాళ్ళు దాని మీద ఆధారపడకూడదని నా గట్టి అభిప్రాయం. స్పాంజి అన్ని స్వరాలనూ ఒకే పొడవులో కోసేస్తుంది. ఏ స్వరం పొట్టిగా ఉండాలో, ఏది సాగాలో నిర్ణయించవలసింది మన చెయ్యి.

చెల్లె: మంచి బేస్ వినాలంటే ఎవరిని వినమంటారు?

అన్న: మన చెవులకు దగ్గరగా ఉన్నవాటితోనే మొదలుపెట్టు. ఇళయరాజా గారి పాటల్లో శశిధరన్ గారు వాయించిన బేస్ విను. అక్కడ బేస్ కార్డ్ (chord, కలిసి మోగే స్వరాల గుంపు) మూలస్వరాన్నే పట్టుకుని కూర్చోదు, పాట కింద ఇంకొక పాటలాగా నడుస్తుంది, గాయకుడు ఆగిన చోట ఒక అడుగు వేసి, గాయకుడు వచ్చేసరికి తప్పుకుంటుంది. రహ్మాన్ గారి పాటల్లో కీత్ పీటర్స్ గారి వాయిద్యం కూడా అలాగే శ్రద్ధగా వినవలసినది. ఒక్క మాట, ఫోన్ స్పీకరులో మాత్రం వినకు. తెరిచిన (వేలితో ఎక్కడా నొక్కని) ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, ఫోన్‌లోని ఆ చిన్న స్పీకరు అంత కిందికి దిగలేదు. అందులో మనకు వినిపించేది ఆ స్వరానికి పైన పుట్టే అంశస్వరాలు మాత్రమే, మిగతాది మెదడు ఊహించుకుంటుంది. స్వరం ఎక్కడ ఆగిందో అందులో తెలియదు. మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకే పాటను వారం రోజులు విను.

నేను: ఇక స్టేజీ సంగతికి వద్దాం. హంటర్ రోడ్డు వైపు ఫంక్షన్ హాళ్ళలో వాయించిన ప్రతి బేసిస్టుకూ తెలిసిన బాధ ఒకటుంది: హాలంతా గుమ్మని మారుమోగే గోల.

అన్న: ఆ హాళ్ళ గోడలు నున్నగా ఉంటాయి, నేల పాలరాయి, పైన రేకు కప్పు. ఇ తీగ స్వరపు అల ఒక్కటే సుమారు 8 మీటర్ల పొడవు ఉంటుంది. పరదాలు, కుర్చీలు దాన్ని పీల్చుకోలేవు, అది గోడకూ గోడకూ మధ్య తిరుగుతూనే ఉంటుంది. అందువల్ల కొన్ని స్వరాలు హాలులో ఒకచోట కొండంతగా, ఇంకొకచోట లేనట్టుగా వినిపిస్తాయి. సౌండ్ చూసుకునేటప్పుడు పొడవాటి వైరు వేసుకుని హాలు మధ్యలోకి నడిచి వెళ్ళి వాయించి చూడాలి. ఏ స్వరం ఉబ్బుతోందో గుర్తుపెట్టుకుని, కార్యక్రమంలో ఆ స్వరాన్ని పొట్టిగా వాయించాలి. నీకు ఇందాక చెప్పిన సాధన అక్కడ అన్నం పెడుతుందమ్మా.

చెల్లె: స్టేజీ మీద నాకు నా బేస్ అతిగా వినిపిస్తుంది, కింద స్నేహితులను అడిగితే సరిగా వినిపించలేదంటారు.

అన్న: మంద్రస్వరాలు స్పీకరు ముందుకే కాకుండా వెనక్కి, పక్కలకు కూడా వ్యాపిస్తాయి. గాయని గొంతు ముందుకు వెళుతుంది, నీ బేస్ మాత్రం తిరిగి స్టేజీ మీదికే వస్తుంది. కాబట్టి స్టేజీ మీద విని నిర్ణయం చేయవద్దు. మిక్సర్ దగ్గర ఉన్న మనిషితో స్నేహంగా ఉండు, ఆయనకు నీ కంటే ముందుగా జనం వినేది వినిపిస్తుంది. ఆయన తగ్గించమంటే తగ్గించు.

నేను: యాక్టివ్ బేస్, అంటే లోపల బ్యాటరీతో పనిచేసే బేస్, కొన్నవారికి నా అనుభవం చెప్పాలి. రాత్రి సాధన అయ్యాక వైరును గిటార్‌కే వదిలేశాను. జాక్ లోపల ఉన్నంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుందని అప్పటికి నాకు తెలియదు. మర్నాడు ఒక పెళ్ళిలో మూడో పాట దగ్గర శబ్దం గరగరలాడి, రెండు నిమిషాల్లో పూర్తిగా పోయింది. పెళ్ళికూతురి తమ్ముడు బండి మీద వెళ్ళి, మూసేస్తున్న కొట్టు తెరిపించి బ్యాటరీ తెచ్చాడు. అప్పటి నుంచి నా సంచిలో రెండు బ్యాటరీలు, ఒక అదనపు వైరు ఎప్పుడూ ఉంటాయి.

చెల్లె: నాకు ఇంకొక భయం ఉంది. గాయకులు అప్పటికప్పుడు శ్రుతి మార్చమంటారు. కీబోర్డు వాయించే అన్న ట్రాన్స్‌పోజ్ మీట నొక్కేస్తారు, నేను తడబడతాను.

అన్న: ఆర్కెస్ట్రాలో ఇది రోజూ జరిగేదే. తెరిచిన తీగల మీద ఆధారపడకుండా ప్రతి వరుసనూ మూసిన చేతితో, అంటే ప్రతి స్వరాన్నీ వేలితో నొక్కి, నేర్చుకో. ఇ తీగ మీద మూలస్వరం ఎక్కడున్నా దాని పంచమం ఎ తీగ మీద రెండు ఫ్రెట్లు పైన ఉంటుంది, తార షడ్జం డి తీగ మీద ఆ పంచమం ఉన్న ఫ్రెట్టులోనే ఉంటుంది. ఆ ఆకారం చేతికి పట్టుబడితే గాయకుడు జి నుంచి ఎఫ్‌కు దించమన్నప్పుడు చెయ్యి రెండు ఫ్రెట్లు జరిపితే చాలు. ఒక్క చోట జాగ్రత్త: పాట ఇ శ్రుతిలో ఉండి ఇంకొక అర స్వరం దించమంటే నాలుగు తీగల బేస్‌లో దాని కింద స్వరమే లేదు. అప్పుడు ఎ తీగ ఆరో ఫ్రెట్టుకు వెళ్ళాలి, బరువు కొంచెం తగ్గినా పాట నిలబడుతుంది. ఇలాంటి అవసరం తరచుగా వస్తుంది కాబట్టే చాలామంది ఐదు తీగల బేస్ కొంటున్నారు. నా మాట మాత్రం, నాలుగు తీగలను ఆపడం వచ్చాకే ఐదోది కొనమని.

నేను: కీబోర్డు ప్రస్తావన వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. ఖర్చు తగ్గించుకోవడానికి చాలా ట్రూపులు బేసిస్టును మానేసి, కీబోర్డు వాయించేవారి ఎడమ చేతికే బేస్ అప్పజెబుతున్నాయి. మీకు కూడా పనులు తగ్గాయి కదా?

అన్న: తగ్గాయి. ఒక నిర్వాహకుడు బయానా ఇచ్చి, వారం ముందు ఫోన్ చేసి ఈసారి బేస్ వద్దన్నాడు. బాధ కలిగింది. కానీ ఎడమ చేత్తో అంత పని చేసే మనిషి మీద నాకు కోపం లేదు, అతనికి అది నిజంగా కష్టమైన పని. మనం అడగవలసింది, మనం ఉంటే పాటకు ఏమి కలుస్తుందని. డ్రమ్స్ వాయించే మనిషి కాలు చూస్తూ అతని కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మీద స్వరం మొదలుపెట్టి, అతని స్నేర్ (పుల్లతో కొట్టే చిన్న డ్రమ్) మీద ఆపగలిగితే పాట కదలిక మారిపోతుంది. రెండు చేతులకూ రెండు వేరే పనులున్న మనిషికి అంత తీరిక ఉండదు. ఆ తేడా ఒక్కసారి విన్న గాయకులు మళ్ళీ ఫోన్ చేస్తారు. నన్ను ఇప్పటికీ పిలిచేది ఎక్కువగా గాయకులే.

[చెల్లె మళ్ళీ వాయించింది. ఈసారి బొటనవేలు ఇ తీగ మీద ఉంది.]

నేను: ఇప్పుడు నాలుగో తాళం ఖాళీగా వినిపించింది.

అన్న: వినిపించింది. కానీ ఏడో ఫ్రెట్టు దగ్గర తీగ చాలా ఎత్తుగా ఉన్నట్టుంది, నువ్వు అవసరానికి మించి నొక్కుతున్నావు, అందుకే వదలడానికి ఆలస్యమవుతోంది. ఈ ఎండలకు మెడ వంగి ఉంటుంది. గిటార్‌ను కారులో వదిలేశావా?

చెల్లె: మే నెలలో ఒక మధ్యాహ్నమంతా వదిలేశానన్నా.

అన్న: ఇక ఎప్పుడూ అలా చేయకమ్మా. ఇ తీగను మొదటి ఫ్రెట్టు దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్టు దగ్గర ఇంకొక చేత్తో నొక్కి, ఏడో ఫ్రెట్టు దగ్గర తీగకూ ఫ్రెట్టుకూ మధ్య సందు చూడు. సన్నటి విజిటింగ్ కార్డు పట్టేంత ఉంటే చాలు. నీ గిటార్‌లో అంతకు మూడింతలు ఉంది. ట్రస్ రాడ్డును (మెడ లోపల వంపును సరిచేసే కడ్డీని) ఒకేసారి బిగించకూడదు, పావు చుట్టు తిప్పి ఒక రోజు ఆగి మళ్ళీ చూడాలి. ఆలెన్ కీ ఇంట్లో ఉంది, శనివారం రిహార్సల్‌కు తెస్తాను, నువ్వు గిటార్ తీసుకుని అరగంట ముందే రా.