నీళ్ళతో నానిన తరువాతే కత్తి

పిల్లలూ, పెద్దలూ, అందరికీ నమస్కారం. తరతరాలుగా క్షౌరవృత్తిలో ఉన్న ఇంటివాణ్ణి. కొత్తగా గడ్డాలు వస్తున్న ఈ కాలేజీ పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచినందుకు చాలా సంతోషం.

షేవింగ్ అనగానే మీరు అడిగేది మూడు బ్లేడ్ల రేజరా, అయిదు బ్లేడ్ల రేజరా అని. నేనడిగేది ఒక్కటే: కత్తి పెట్టే ముందు గడ్డాన్ని ఎంతసేపు నాననిచ్చారు?

తిరుపతి వాళ్ళకు దీనికి సాక్ష్యం కొండమీదే ఉంది. కల్యాణకట్టలో మావాళ్ళు పనిచేయడం ఈసారి నింపాదిగా చూడండి. ముందు తలమీద నీళ్ళు పోసి, కుదుళ్ళ దాకా దిగేలా అరచేత్తో రుద్దుతారు. ఫోమూ లేదు, జెల్లూ లేదు. ఆ తరువాతే కత్తి. ఒక చేత్తో చర్మాన్ని బిగదీసి పట్టి, సుడి ఎటు తిరిగితే కత్తిని అటు తిప్పుతారు. చంటిబిడ్డ తలైనా, పండుముసలి తలైనా పద్ధతి అదే. అది చూసినప్పుడల్లా మా వృత్తి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

వెంట్రుక నీళ్ళు పీల్చుకుని ఉబ్బి మెత్తబడుతుంది. అప్పుడు చాలా తక్కువ బలానికే తెగుతుంది. ఆ వెంట్రుకే బ్లేడును ఎలా పాడుచేస్తుందో అమెరికాలో ఎం.ఐ.టి. అనే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో బయటపెట్టారు. బ్లేడు ఉక్కు మన వెంట్రుక కన్నా దాదాపు 50 రెట్లు గట్టిది. అయినా ఎందుకు మొద్దుబారుతోందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. అంచు మెల్లగా అరిగిపోవడమే కాదు, సన్నసన్నటి పెచ్చులుగా ఊడుతోంది. వెంట్రుక వంగి అంచుకు ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అమరిక సమంగా లేని చోట అలా జరుగుతుందట.

మా తాత పొదిలో మడత కత్తి, కత్తెర, సానరాయి, తోలుపట్టీ, నీళ్ళగిన్నె, పటిక ఉండేవి. సానరాయి అంచును పుట్టిస్తుంది, తోలుపట్టీ దాన్ని చక్కదిద్దుతుంది. పట్టీ మీద కత్తి వీపు ముందు నడవాలి, అంచు వెనక రావాలి. చివరికొచ్చాక వీపు మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే తోలు తెగుతుంది, కత్తి చెడుతుంది. ఈ తిప్పడం చేతికి రావడానికే కుర్రవాళ్ళకు చాలా కాలం పట్టేది.

ఆ నేర్పు లేనివాడు కూడా ఇంట్లో గీసుకునేలా చేసింది పల్చటి బ్లేడు. కింగ్ జిల్లెట్ అనే అమెరికా సేల్స్‌మన్‌కు ఆలోచన వచ్చింది కానీ, అంత పల్చటి రేకును గట్టిపరిచే దారి దొరకలేదు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు దాన్ని సాధించాడు. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి ఏడాదికే రేజర్లు 90 వేలు దాటాయి. మీ తాతలు వాడిన రెండంచుల బ్లేడు ఆ వంశానిదే, మందం మిల్లీమీటరులో పదోవంతు. నన్నడిగితే ఇప్పటికీ అదే మంచిది, ఖర్చు కూడా తక్కువ.

ఇక మీ పని. స్నానం చేసి వచ్చి గీసుకోండి, లేదా గోరువెచ్చటి నీళ్ళతో రెండు మూడు నిమిషాలు నాననివ్వండి. మన పక్క బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, సబ్బు విరిగిపోయి నురగ నిలవదు. నురగకు మాత్రం ఫిల్టర్ నీళ్ళు ఒక గ్లాసుడు వాడండి, తేడా మీకే తెలుస్తుంది. బ్రష్షును గుండ్రంగా తిప్పుతూ నురగను కుదుళ్ళలోకి పట్టించాలి. వెంట్రుక వాలు ఎటుందో వేళ్ళతో తడిమి చూడండి. చెంప మీద కిందికి ఉంటే, మెడ దగ్గర పక్కకో పైకో ఉండొచ్చు. మొదటిసారి వెంట్రుక వాలు వెంటే గీయాలి. రేజరును చర్మానికి 30 డిగ్రీల కోణంలో పట్టి, దాని బరువుతోనే నడపండి, నొక్కొద్దు. ఇంకా నున్నగా కావాలంటే మళ్ళీ నురగ పట్టించి అడ్డంగా గీయండి. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్ళు ఎదురు గీస్తే తెగిన మొన చర్మంలోకే తిరిగి పెరుగుతుంది. మెడమీద లేచే ఆ పొక్కులను మొటిమలనుకుని క్రీములు పూస్తున్న పిల్లల్ని రోజూ చూస్తున్నాను, బాధేస్తుంది.

మా వృత్తివాళ్ళకు ఒక మాట. ఒకే పటిక గడ్డను అందరి ముఖాలకూ రుద్దడం మానేద్దాం. హెపటైటిస్ బి, సి అనే కాలేయ జబ్బులు రక్తం ద్వారా అంటుకుంటాయి. పటిక పొడి చేసి ఎవరికి వారికి కొత్త దూదితో అద్దితే సరిపోతుంది. పిల్లలూ, కొత్త బ్లేడు మీ కళ్ళముందు విప్పమని అడగండి, అందులో మొహమాటం వద్దు.

ఇంట్లో వాడిన బ్లేడును ఊరికే చెత్తలో వేయకండి, మున్సిపాలిటీ వాళ్ళ చేతులు తెగుతాయి. పాత రేకు డబ్బా మూతకు గాటు పెట్టి అందులో వేయండి.

గిన్నె, బ్రష్షు, సబ్బు ఇక్కడే ఉన్నాయి. గడ్డం పెరిగినవాళ్ళు ఒకరు ముందుకు రండి, చేసి చూపిస్తాను.