నూనె కరగలేదు టీచర్

(గుంటూరులోని ఒక మునిసిపల్ ప్రాథమిక పాఠశాలలో సంక్రాంతి సెలవులకు ముందు జరిగిన ముగ్గుల పోటీ సభలో, అదే బడిలో పనిచేసి రిటైరయిన ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

ప్రధానోపాధ్యాయులు గారికి, తోటి టీచర్లకు, స్వెట్టర్లు తెచ్చిన దాతలకు, వార్డు పెద్దలకు, ముగ్గులేసి ఇంకా చేతులు కడుక్కోని తల్లులకు, వెనక పిట్టగోడెక్కి కూర్చున్న మా పాత పిల్లలకు నమస్కారం. ఆ నీలం చొక్కా అబ్బాయీ, దిగు నాయనా. ఆ గోడ నేనున్నప్పుడే కదిలేది. ఇంకా ఎవరినన్నా మర్చిపోయానా? ఆ, వంటమ్మలు. వాళ్ళని ఆఖర్న చెప్పడం నా తప్పే. మళ్ళీ మొదలుపెడతాను. వంటమ్మలకు నమస్కారం. తర్వాత మిగతా అందరికీ.

మైకు కుయ్యిమంటోంది, కాస్త చూడండి బాబూ.

హెచ్చెమ్ గారు మొన్న ఫోన్ చేసి, "మేడమ్, ముగ్గుల పోటీ అయ్యాక ఓ పది నిమిషాలు మాట్లాడండి, చలికాలంలో పిల్లల క్రమశిక్షణ మీద" అన్నారు. రిటైరయిన టీచర్‌కి మైకిస్తామంటే కాదంటుందా? రాత్రి కూర్చుని రెండు పేజీలు రాసుకున్నాను. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు 1922లో మన గుంటూరులోనే శారదానికేతనం పెట్టి, గడప దాటనివ్వని రోజుల్లో ఆడపిల్లలకు బడి తలుపు తీసిన సంగతితో ఎత్తుకున్నాను. తలుపు తీసిన ఊరు మనది, అని ఓ మంచి వాక్యం కూడా పడింది. ఆ వాక్యం మనసులో చదువుకుంటూనే ఆటో దిగాను. దిగితే ఎదురుగా గేటుకి కొత్త గొలుసు, గొలుసుకి తాళం. పక్కన రేకు మీద ఎర్ర రంగుతో, "ఉదయం 9 గంటల తర్వాత ప్రవేశం లేదు."

ఆ రెండు పేజీలూ మడిచి సంచిలో పెట్టేశాను. క్రమశిక్షణ సంగతి టైముంటే చూద్దాం. హెచ్చెమ్ గారూ, మీ మీద కోపం కాదు. ఈ బడి గేటుకి మొట్టమొదట తాళం వేయించింది నేనే. ఇప్పుడు నిలబడింది ఆ సంగతి చెప్పడానికే.

గుంటూరుకి చలేంటండీ అని బయటివాళ్ళు నవ్వుతారు. మనది కాశ్మీరం కాదు, ఒప్పుకుంటాను. కానీ మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఒంటికి తెల్లవారుజామున 18 అంటే చలే. పైగా అప్పట్లో ఇక్కడ టైల్సూ లేవు, బల్లలూ లేవు. నాపరాళ్ళ గచ్చు. పల్నాడు నాపరాయి ఎండాకాలంలో ఎంత హాయో, చలికాలంలో అంత పగ. మొదటి పీరియడ్లో పిల్లలు దాని మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించి, చొక్కాని మోకాళ్ళ మీదుగా కిందికి లాక్కుని కూర్చునేవాళ్ళు. పలక పట్టుకోవడానికి ఒక చెయ్యి మాత్రం బయటికొచ్చేది. అందుకే డిసెంబరు వస్తే ఒకటో తరగతిని ఎండలోకి తీసుకుపోయేవాళ్ళం. ఎండ జరిగినకొద్దీ తరగతి కూడా జరిగేది. జెండా కర్ర దగ్గర మొదలైన రెండో ఎక్కం పదకొండింటికి ఆ వేపచెట్టు అవతల తేలేది.

"సంక్రాంతికి చంకలెత్తనివ్వని చలి" అంటారు మన పెద్దవాళ్ళు. ఈ చంక మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దాని దగ్గరికి.

స్వెట్టర్లు తెచ్చిన అయ్యలకు ఒక మాట. మంచి ఉన్ని, మంచి రంగు. సంతోషం. కానీ రేపట్నుంచి సెలవులు. పిల్లలు మళ్ళీ బడికొచ్చేసరికి చలి సగం పోతుంది. వచ్చే ఏడాది కార్తీకంలోనే ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్కొక్కణ్ణీ పేరు పెట్టి పిలిచి ఫోటో తీయొద్దు. తరగతి గదిలో టీచర్ చేత ఇప్పిస్తే చాలు. ఒకసారి మా ఐదో తరగతి పిల్ల ఒకతె దానంగా వచ్చిన స్వెట్టర్ తిరగేసి తొడుక్కునేది. ఎందుకే అంటే, "ఇటువైపు బొమ్మ లేదు టీచర్, ఎవరిచ్చారో తెలీదు" అంది. సరే, దారి తప్పుతున్నాను.

మన రాష్ట్రంలో బళ్ళో వండి పెట్టడం సరిగ్గా ఇలాంటి చలిలోనే మొదలైంది, 2003 జనవరిలో. వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న చెప్పింది. అంతకుముందు నెలకి మూడు కిలోల బియ్యం పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపేవాళ్ళం. ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరుతో పెడుతున్నారు, గ్యాస్ పొయ్యిలున్నాయి, గుడ్డు ఉంది, చిక్కీ ఉంది. అప్పుడేముంది? ఆ గోడ వార మూడు రాళ్ళు, కట్టెలు, ఒక గిన్నె, ఒక వంటమ్మ. కట్టెల డబ్బు ఎవరిచ్చేవాళ్ళని అడగండి. వంట బిల్లు ఈ నెలది ఆ నెలకి, ఆ నెలది పై నెలకి. ఏ ఆఫీసు, ఏ సారు అని నేనిప్పుడు చెప్పబోవడం లేదు. ఆమె చెవుల కమ్మలు మాత్రం ఆ ఏడాది రెండుసార్లు తాకట్టుకి పోయాయి. మళ్ళీ చెబుతున్నాను, రెండుసార్లు.

ఆ తర్వాతి డిసెంబరులో జరిగింది నేను చెప్పేది. అప్పుడు నేను కొత్తగా హెచ్చెమ్‌నయ్యాను. కొత్త హెచ్చెమ్ అంటే తెలుసుగా, రెండు రూల్స్ పెట్టాను. తొమ్మిదింటికి రైలుపట్టా గంట మోగగానే గేటుకి తాళం. రెండోది, తలకి నూనె రాసి దువ్వుకుని రాకపోతే ఇంటికి వెనక్కి. అప్పట్లో చాలా గర్వంగా ఉండేది నాకు. ప్రార్థనలో నిలబడితే పిల్లలందరి తలలూ నల్లగా మెరిసేవి. తనిఖీకొచ్చిన సారు కూడా మెచ్చుకున్నారు.

ఇక్కడున్న తల్లులకి నేను చెప్పక్కర్లేదు గానీ దాతలకి తెలియకపోవచ్చు. ఈ పేటలో సగం మంది ఆడవాళ్ళది మిరపకాయ తొడిమలు తీసే పని. మన మిర్చి యార్డు ఆసియాలోనే పెద్దదని గొప్పగా చెప్పుకుంటాం. ఆ గొప్పంతా కాయకి తొడిమ తీసేవాళ్ళ వేళ్ళ మీద నడుస్తుంది. కోల్డ్ స్టోరేజీల్లో సరుకు ఒకపక్క, కొత్త కాయ ఇంకోపక్క. కిలో లెక్కన కూలి, కాబట్టి ఎంత పెందలాడే కూర్చుంటే అంత. జనవరిలో పొద్దు ఆరున్నర దాటితేగాని పొడవదు. వీళ్ళు చీకట్లోనే పోవాలి. పోతూ పోతూ పిల్లకి జడేసి పోవచ్చుగా అని నేనూ అన్నాను ఒకసారి. "ఈ చేతుల్తో తల అంటితే పిల్ల కళ్ళు మండుతాయి టీచరు గారూ" అంది ఒకామె. చేతులు ఎన్నిసార్లు కడిగినా ఘాటు పోదు. నాకది అప్పటిదాకా తట్టలేదు. తట్టాక కూడా రూలు తీయలేదు, అదీ చెప్పాలి.

ఐదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. దాని తమ్ముడు ఒకటో తరగతి. ఇద్దరూ రోజూ తొమ్మిదీ పదికి, తొమ్మిదింబావుకి వచ్చేవాళ్ళు. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు గేటు కడ్డీల ఇవతల నేను, అవతల వాళ్ళిద్దరు. ఎందుకే ఆలస్యం అన్నాను. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, "నూనె కరగలేదు టీచర్" అంది.

నాకు ఒళ్ళు మండింది. వెటకారమనుకున్నాను. ఇద్దర్నీ పదింటిదాకా అక్కడే నిలబెట్టాను. ఆ పిల్లవాడు అక్క వోణీ ముక్కేదో చెవులకి చుట్టుకుని ఉన్నాడు. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదేమో, నేను తీసేదాన్నేమో.

మధ్యాహ్నం ఐదో తరగతికి పరిసరాల విజ్ఞానం. ఘనం, ద్రవం పాఠం. చలికాలం కదా, ఆ పాఠానికి కొబ్బరినూనె సీసాని మించిన పరికరం లేదు. 24 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకన్నా చల్లబడితే పేరుకుంటుంది. బల్ల మీద గడ్డకట్టిన సీసా పెట్టి, దీన్ని కరిగించడం ఎట్లా అని అడిగాను. ఎండలో పెట్టాలని ఒకడు, వేణ్ణీళ్ళలో పెట్టాలని ఒకడు. ఆ పిల్ల లేచింది. "చంకలో పెట్టుకోవాలి టీచర్. మూడొందలు లెక్కపెడితే ఒకళ్ళకి సరిపడా కరుగుద్ది. తమ్ముడికీ నాకూ అంటే ఆరొందలు. మధ్యలో తమ్ముడు మాట్లాడిస్తే లెక్క తప్పిద్ది, మళ్ళీ మొదట్నుంచి."

పిల్లలంతా గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. పొద్దున్నే పొయ్యి వెలిగించడానికి ఆ ఇంట్లో కిరసనాయిలు లేదు. నూనె రాసుకోకపోతే నేను వెనక్కి పంపుతాను. నూనె కరిగేదాకా ఉంటే నేనే గేటు వేస్తాను. చంకలో సీసా పెట్టుకుని ఆరొందలు లెక్కపెట్టే పిల్లకి లెక్కల్లో వెనకబాటు అని రిజిస్టర్లో రాసింది కూడా నేనే.

వంటమ్మ గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి అంతా విన్నది. సాయంత్రం వచ్చి, "మీ పాఠం బానే ఉంది గానీ టీచరు గారూ, పొయ్యి పక్కన పెడితే చిటికెలో కరుగుద్ది. రేపట్నుంచి ఎనిమిదింటికే ముట్టిస్తా, పిల్లల్ని నా దగ్గరికి రానీండి. తాళంచెవి నాకివ్వండి" అంది. నేను ఇవ్వలేదు. రేపు చూద్దాంలే అన్నాను. హెచ్చెమ్‌నని బింకం. నాలుగు రోజులు అట్లాగే రేపు, రేపు.

ఐదో రోజు నేను ఎనిమిదీ నలభైకి వచ్చేసరికి, గేటు బయట, రోడ్డు మీద పొయ్యి. ఆ మూడు రాళ్ళూ బళ్ళోంచి మోసుకుపోయి గేటు ముందర పెట్టింది. చుట్టూ పదిహేను మంది పిల్లలు చేతులు కాపుకుంటున్నారు. ఆమె ఒక పిల్లకి జడేస్తోంది. రాయి మీద నూనె గిన్నె. పోయేవాళ్ళందరూ ఆగి చూస్తున్నారు. నాతో ఒక్క మాట అనలేదు ఆమె. తొమ్మిదింటికి గంట కొట్టే అబ్బాయి తాళం పట్టుకుని నావంక చూశాడు. నేను తాళంచెవి తీసి ఆమె కొంగులో వేశాను. అంతే. పొయ్యి మళ్ళీ లోపలికొచ్చింది. తాళాన్ని ఆమె సాంబారు గిన్నె మూత మీద బరువుగా వాడింది. గాలికి మూత లేవకుండా. నేను బదిలీ అయ్యేదాకా అది అక్కడే చూశాను, మసిపట్టి.

ఆ తర్వాత పేటంతా ఎట్లా వచ్చి చేరిందో చెబుతాను, రెండు నిమిషాలు. హెచ్చెమ్ గారు వాచీ చూస్తున్నారు, చూడనీండి. పిల్లలకి అప్పుడు ఒకటే జత యూనిఫాం. రాత్రి ఉతికితే చలికి పొద్దుటికి ఆరదు, తడిబట్టలే తొడుక్కుని వచ్చేవాళ్ళు. మూలమీది ఇస్త్రీ బండాయన అది చూసి, ఎవరి తడి చొక్కా అయినా బొగ్గుల పెట్టె కింద రెండు పట్లు పట్టి ఇచ్చేవాడు. చొక్కా ఇచ్చి, బనీనుతో పొయ్యి దగ్గర కూర్చునేవాళ్ళు పిల్లలు. గేటు పక్కన తేగలమ్మే అవ్వ విరిగిన తేగలన్నీ పొయ్యి దగ్గర పడేసి పోయేది. తేగ చీలిస్తే మధ్యలో వచ్చే చందమామ కోసం తగువులు తీర్చలేక చచ్చేదాన్ని. నాలుగో తరగతి ఆడపిల్లలు ఒకటో తరగతి వాళ్ళకి తలలు దువ్వేవాళ్ళు. పనికి పోని తల్లులు ఇద్దరు వంతులేసుకుని వచ్చి నిలబడేవాళ్ళు. ఎవరికీ నేను చెప్పలేదు. సర్క్యులర్ లేదు, కమిటీ లేదు. గేటు తీసుంది కాబట్టి వచ్చారు. తాళం ఉన్నప్పుడు వాళ్ళకీ లోపలికొచ్చే దారి లేదు కదా! మనం పిల్లలకనుకుని వేస్తాం, పేటకి కూడా పడుతుంది.

అంతా బాగుపడిపోయిందని చెప్పను. తమ్ముడు పదో తరగతి దాకా చదివాడు. ఆ పిల్ల హైస్కూల్లో ఎనిమిదితో ఆపేసింది. తల్లి పక్కనే తొడిమలకి కూర్చుంది. ఐదో తరగతిలో ఒక్క చలికాలం మాత్రం చంకలో సీసా పెట్టుకోకుండా బడికొచ్చింది. నా చేతిలో ఉన్నది అంత.

ఇప్పుడు చట్టం కూడా ఉంది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 17వ సెక్షన్ ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొచ్చేలా వేధించకూడదు. ఆరేళ్ళ పిల్లవాణ్ణి మంచులో గేటు బయట గంటసేపు నిలబెట్టడం ఏ లెక్కలోకి వస్తుందో మీరే చూసుకోండి. మా కాలంలో ఆ సెక్షన్ లేదు. వంటమ్మ ఉంది.

అమ్మా, తల్లులూ, ఒక్క నిమిషం. మీలో ఏడింటికల్లా పనిలో ఉండేవాళ్ళు చేతులెత్తండి. సిగ్గుపడకండి, రంగు చేతులైతే ఏం. ఎత్తండి. హెచ్చెమ్ గారూ, అటు చూడండి. లెక్కపెట్టండి. నాకు కళ్ళద్దాలు లేవు గానీ, ఆ వెనక వరసంతా లేచినట్టే ఉంది.

ఏడాదంతా తీసే ఉంచమని అడగట్లేదు. రోడ్డు మీద బళ్ళు పెరిగాయి, పిల్లల భద్రత అంటారు, అదీ నిజమే. మనిషిని కూర్చోబెట్టండి అక్కడ, తాళాన్ని కాదు. శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుందంటారు, కనీసం అప్పటిదాకా. సెలవులయ్యాక బడి తెరిచిన రోజున నేను ఎనిమిదింటికి వస్తాను. నూనె సీసా నేనే తెస్తాను. దువ్వెన ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి, పేల గొడవ నాకొద్దు.

ముగ్గుల ఫలితాలు చెప్పాలట, తేగలు చల్లారిపోతున్నాయట. నేను కూర్చుంటాను. హెచ్చెమ్ గారూ, ఆ తాళంచెవి మీ జేబులో ఉందా, ఆఫీసు బీరువాలో ఉందా?