ఐదు ఎరలు కడితే ఐదు చేపలు పడవు

(తాటిపూడి రిజర్వాయరు గట్టు. చేతిలో రిగ్, అంటే ఎరలు కట్టిన తీగల కట్ట.)

కిందటి వీడియోకి మళ్లీ అదే కామెంటు. “అన్నా, ఐదు ఎరలు కడితే ఒకేసారి ఐదు చేపలు పడతాయా?” పడవు తమ్ముడూ! జవాబు రాసీ రాసీ వేళ్లు అరిగిపోయాయి, అందుకే ఈ వీడియో.

ఈ భ్రమ ఎక్కడిదో నాకు తెలుసు. చెరువులో రాత్రి తాడుకి వరసగా గేలాలు కట్టి వదిలేస్తాం. ఏ గేలం ఎర దానిదే. పొద్దున్న లాగితే పడినన్ని పడతాయి. ట్రోలింగులో, అంటే పడవ వెనక ఎర లాగే వేటలో, ఆ లెక్క చెల్లదు. పడవ నెమ్మదిగా పోతుంటాది, వెనకాల ఎరలు ఈదుతుంటాయి, వాటిని చూసి వేటచేప వెంటపడాలి.

దీన్ని పెళ్లికొడుకు ఊరేగింపు అనుకోండి. బ్యాండు మేళం, చుట్టూ కుర్రాళ్ల డాన్సు, నడిమిన పెళ్లికొడుకు. వీధిలో వాళ్లు తలుపు తీసుకొని బయటికొచ్చేది మేళం చప్పుడుకి. తీరా వచ్చాక చూసేది పెళ్లికొడుకుని.

(రిగ్ కెమెరా దగ్గరికి.) ఇది అంబ్రెల్లా రిగ్. సీసపు తల, దాన్నుంచి విచ్చుకున్న ఐదు తీగలు. తీగల మీద తిరిగే ఈ రేకులున్నాయే, ఇదీ మేళం. బయటి నాలుగు తీగల చివర రబ్బరు చేపపిల్లలు. సరిగ్గా చూడండి, ఒక్కదానికీ గేలం లేదు. వీళ్లు డాన్సు కుర్రాళ్లు. నడిమి తీగ మాత్రం బెత్తెడు వెనక్కి ఉంది, ఎర కాస్త పెద్దది, రంగు వేరు. గేలం దీనికే. గుంపులోంచి వెనకబడిన పిల్లనే వేటచేప ముందు కొడతాది. అన్నీ ఒక్కలాగే ఉంటే దేన్ని కొట్టాలో దానికీ తేలదు.

2011 అక్టోబరులో అమెరికాలో, అలబామా రాష్ట్రంలోని గుంటర్స్‌విల్ సరస్సు పోటీలో పాల్ ఎలియాస్ అనే గేలం వేటగాడు ఇలాంటి రిగ్‌తోనే గెలిచాడు. నాలుగు రోజుల్లో 46 కిలోల పైచిలుకు బాస్ అనే వేటచేపలు. ఆయన పడవ వెనక లాగలేదు, విసిరి చుట్టాడు, సూత్రం మాత్రం ఇదే. ఏటంటే, అక్కడ రోజుకి ఐదు చేపలే తూకానికి. మరి గెలిపించింది ఏటి? సంఖ్య కాదు, సైజు! ఆ తర్వాత అక్కడ బాస్ పోటీలు నడిపే బాస్‌మాస్టర్ వాళ్లు తమ పెద్ద పోటీల్లో దీన్ని వద్దన్నారు. అక్కడి కొన్ని రాష్ట్రాల్లో ఒక దారానికి ఎన్ని గేలాలో చట్టమే చెప్తాది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. ఊరేగింపు వీధి మలుపు తిరిగేటప్పుడు చూశారా? లోపలివైపు వాళ్లు ఆగిపోతారు, బయటివైపు వాళ్లు పరిగెడతారు. పడవకి రెండు పక్కలా దారాలు వేసి తిప్పితే అచ్చం అంతే. లోపలిది వేగం తగ్గి కిందికి దిగుతాది, బయటిది జోరందుకొని పైకి లేస్తాది. లోపలిదానికి చేప పడుతోందా, మీరు ఎక్కువ వేగంలో పోతున్నారన్నమాట, తగ్గించండి. బయటిదానికి పడితే పెంచండి. ఇంతకంటే మంచి మీటరు ఏ కొట్లోనూ దొరకదు. మలుపు మరీ గట్టిగా కొట్టారా, లోపలిది అడుగున మోడుకి తగులుకుంటాది. మేళంతో సహా గోవిందా.

వేగం గంటకి 3 కిలోమీటర్లు, ఫోన్లో జీపీఎస్ పెట్టుకోండి. ఇంజనే అక్కర్లేదు. తెడ్డు పోటుకీ పోటుకీ మధ్య ఎర కొంచెం ఆగి కదులుతాది, అదే మేలు.

“శీలావతి పడతాదా, బొచ్చె పడతాదా?” బొచ్చె పైనీళ్లలో సన్న పురుగుల్ని వడగట్టుకు తింటాది, శీలావతి నాచు మేస్తాది, మోసు అడుగు బురదలో వెతుక్కుంటాది. వీటికి మన ఊరేగింపుతో పనేటి? తవుడు ముద్ద పెట్టుకోండి. కొరమీను వేటచేపే, కానీ గట్టువార తూటికాడ పొదల్లో కాపు కాస్తాది. అక్కడ ఈ రిగ్ లాగితే పడేది తూటికాడే. దానికి కప్ప ఎర విసరాలి. ఇక మనకి మిగిలిన వేటచేప వాలుగ. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ ముప్పు జాబితాలో ఉన్న చేప అది, చిన్నదైతే వదిలేయండి.

బ్యాటరీ ఎర్రగా కొడుతోంది, గబగబా చెప్పేస్తాను. దారం అల్లికదే, తట్టే బరువు 50 పౌండ్లకి తగ్గొద్దు, ఈ రిగ్ నీళ్లలో బరువుగా లాగుతాది. దారం ఎక్కువ వదిలితే లోతుకి, వేగం పెంచితే పైకి. ఐదు తీగలు కొనలేకపోతే నీళ్లలో అటూ ఇటూ ఊగే డాడ్జర్ రేకు ఒకటి, వెనక ఎర ఒకటి. రెంటి మధ్య దారం పొట్టిదైతే ఎర బాగా ఊగుతాది. లైఫ్ జాకెట్ తప్పనిసరి. దిగేముందు మత్స్యశాఖ వాళ్లనీ, అక్కడి జాలర్ల సొసైటీనీ అడగండి, వలలు ఎటు వేశారో కూడా. నీళ్ల మీద బెండ్లు వరసగా కనిపిస్తే పడవ అటు తిప్పొద్దు. ఈ తీగలు వలలో చుట్టుకుంటే కోసి తీయాల్సిందే, ఆ వల ఖరీదు మీ దగ్గర వసూలు చేస్తారు, చెయ్యాలి కూడా.