అన్ని తూములూ ఒకేసారి ఎత్తితే

అందరికీ నమస్కారమండి.

భీమవరం చుట్టూ చేపల చెరువులు, రొయ్యల చెరువులు ఎటు పెరిగాయో ఉపగ్రహ చిత్రాల్లో గుర్తించడం నా పని. ఆ చిత్రాల మీద పనిచేసే ప్రోగ్రామ్‌ని ఒకేసారి ఎన్ని ముక్కలుగా నడపాలో ఎలా తేల్చుకోవాలన్నదే ఈరోజు చెప్పేది. యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన చిత్రంలో పది మీటర్ల బ్యాండ్ (ఒక రంగు కాంతిలో తీసిన పొర, పిక్సెల్‌కి నేల మీద పది మీటర్లు) ఒక్కటి తీసుకుంటే అడ్డం 10,980, నిలువు 10,980 పిక్సెళ్లు. మొత్తం 12 కోట్ల పైచిలుకు. పిక్సెల్‌కి రెండు బైట్ల చొప్పున 240 ఎంబీ. ఇలాంటివి నా దగ్గర వందల్లో ఉంటాయి.

మొదట్లో నేను చేసిన నిర్వాకం చెబుతాను. మా గదిలో ఎనిమిది కోర్ల, అంటే ప్రాసెసర్‌లో లెక్కచేసే భాగాలు ఎనిమిదున్న మెషీన్ ఒకటుండేది, అందరికీ అదే. ఒకేసారి ఎనిమిది చిత్రాలు నడిపిద్దామని ఎనిమిది ప్రాసెస్‌లు, అంటే ప్రోగ్రామ్‌ని ఎనిమిది విడివిడి పరుగులుగా మొదలెట్టాను. లోపల వాడింది చిత్రాల మీద లెక్కలు చేసే ఐటీకే లైబ్రరీ. ఎన్ని కోర్లు కనిపిస్తే అన్ని థ్రెడ్లు (ఒక ప్రాసెస్ లోపల ఒకేసారి నడిచే పని పాయలు) తీసుకోవడం దాని డిఫాల్ట్. ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు! మౌస్ కూడా కదల్లేదు. టీ తాగొచ్చేసరికి ఒక్క చిత్రమూ పూర్తవలేదు. "ఏవండీ, మళ్లీ మీరేనా?" అని పక్క సీటాయన అడిగితే తల దించుకున్నాను.

ఎందుకలా అయిందో మీకు వివరించడం తేలిక. దాళ్వాలో కాలువకి వంతులు ఎందుకు పెడతారు? వచ్చే నీరు ఇంతేనని తెలుసు కాబట్టి. ఎగువ తూములన్నీ ఒకేసారి ఎత్తేస్తే శివారు చేలకి చుక్క చేరదు. మెమరీ నుంచి ప్రాసెసర్‌కి డేటా వచ్చే దారి కూడా అలాంటి కాలువే. రెండు చిత్రాలు కూడడం లాంటి పనిలో లెక్క తక్కువ, డేటా ఎక్కువ. మూడు నాలుగు థ్రెడ్లకే కాలువ నిండిపోతుంది. చిత్రంలో ఒకేలా ఉండే చోట్లని పోల్చి సగటు తీసే నాన్-లోకల్ మీన్స్ పద్ధతితో నాయిస్, అంటే చిత్రంలోని మచ్చలు తీసేటప్పుడు మాత్రం ఒక్కో పిక్సెల్‌కి బోలెడు లెక్క. అక్కడ ఎన్ని కోర్లిచ్చినా పని దొరుకుతుంది.

ఉపగ్రహ చిత్రాల ఫైళ్లు చదివే, మార్చే జీడాల్ లైబ్రరీది ఐటీకేకి పూర్తిగా ఎదురు స్వభావం, మహా మొహమాటం. నేను వాడే వెర్షన్‌లో వార్ప్ చేసేటప్పుడు, అంటే చిత్రాన్ని మరో మ్యాపు కొలతల్లోకి మార్చేటప్పుడు, మనం అడగకపోతే లెక్కంతా ఒక్క థ్రెడ్‌తోనే చేస్తుంది. క్యాషేకి (చదివిన డేటాని దగ్గర పెట్టుకునే చోటికి) ర్యామ్‌లో 5 శాతమే తీసుకుంటుంది, అంటే 8 జీబీ మెషీన్‌లో 400 ఎంబీ. తప్పు పట్టలేం. రాసినవాళ్లకి మన మెషీన్ ఏం తెలుసు?

ఇంకో సంగతి. 1967లో కంప్యూటర్ల రూపకర్త జీన్ ఆమ్‌డాల్ చెప్పిన లెక్క ప్రకారం, పనిలో పదో వంతు పంచుకోకుండా వరసగానే జరగాల్సి వస్తే ఎనిమిది కోర్లు పెట్టినా వేగం 4.7 రెట్లే. నా ప్రోగ్రామ్‌లో ఆ పదో వంతు కంప్రెస్ చేసిన టిఫ్ ఫైల్ (చిత్రం ఉండే ఫైల్) విప్పడం దగ్గరే పోయేది. నేనేమో ఫిల్టర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

మీ పనికి ఎన్ని థ్రెడ్లు చాలో కొలిచేటప్పుడు ఒకే చిత్రాన్ని 1, 2, 4, 8 థ్రెడ్లతో నడపండి. మొదటి పరుగు లెక్కలోకి తీసుకోకండి, అప్పుడు ఫైల్ డిస్క్ నుంచి వస్తుంది. రెండోసారికి అది మెమరీలోనే ఉంటుంది. ప్రాసెస్‌లనీ, ఒక్కోదాని థ్రెడ్లనీ హెచ్చవేస్తే అసలు కోర్ల సంఖ్య దాటకూడదు. ఒక్కో కోర్‌ని రెండుగా చూపించే హైపర్‌థ్రెడింగ్ రెట్టింపు సంఖ్యని నమ్మకండి.

నేనిప్పుడు నాలుగు ప్రాసెస్‌లు, ఒక్కోదానికి రెండేసి థ్రెడ్లు పెడుతున్నాను. బ్యాండ్లన్నీ ఒకేసారి తెరవాల్సిన రోజున ర్యామ్ చాలదు, అప్పుడు రెండు ప్రాసెస్‌లు, నాలుగేసి థ్రెడ్లు. పక్క సీటాయన ఈమధ్య నన్నేమీ అనట్లేదండి.